అడుగుకు ఆరు సూత్‌లు



ప్రసంగానికి ముందు మీకు వినిపించిన గంట ట్రాము గంట. డ్రైవరు చేత్తో కొట్టడు, కాలితో తొక్కుతాడు. చేతులు రెండూ బండి నడిపే పనిలో ఉంటాయి కాబట్టి గంట పని కాలికి అప్పగించారు. ఈ గంటను నేను బేగంబజారులో తూకానికి కొన్న చిన్న కంచు గిన్నెతో చేశాను. గిన్నె బోర్లించి, నడిమధ్య బెజ్జం వేసి, కింద ఒక సుత్తి అమర్చాను. అది బిగించిన ట్రాము దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి డాబా మీద ఉంది. పొడవు ఇరవై రెండున్నర అంగుళాలు, బరువు దాదాపు అయిదు కిలోలు. దాని నుదుటి మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్.

ఆ దారిలో ఏనాడూ ట్రాము నడవలేదు. ఆ దారిలోనే కాదు, హైదరాబాదులోనే నడవలేదు. నిజాం కాలంలో, 1932లో, మన నగరంలో ప్రభుత్వ రోడ్డు రవాణా 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. బస్సు తర్వాత చాలా ఏళ్ళకు మెట్రో వచ్చింది. మధ్యలో రావలసిన ట్రాము రాలేదు. లేని ట్రామును నేనెందుకు చేశానో, ఎట్లా చేశానో చెప్పడానికే ఈ పది పదిహేను నిమిషాలు.

మా నాన్న చిన్నతనంలోనే మద్రాసు వెళ్ళి జార్జ్‌టౌన్‌లో ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరారు. అప్పట్లో తెలుగు పుస్తకం అచ్చు కావాలంటే చాలామందికి మద్రాసే దిక్కు. సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగిన తెలుగువాళ్ళు ట్రామెక్కేవారు. దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాము ఆ ఊరిదే. 1895 మే 7న మొదలైంది. తొలిరోజుల్లో తీగ పైన ఉండేది కాదు, రోడ్డు అడుగున కాలువలాంటి సందులో ఉండేది. వానలకు ఆ సందులోకి నీళ్ళు చేరి ఇబ్బంది పెట్టాక తీగను స్తంభాల మీదికి ఎత్తారు. 1953 ఏప్రిల్‌లో కంపెనీ నష్టాలతో మద్రాసు ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మా నాన్న ఈ రెండు సంగతులనూ ఎప్పుడూ కలిపే చెప్పేవారు. ఆయనకు బాగా గుర్తున్నది ట్రాము మలుపు తిరిగేటప్పుడు చక్రాలు పెట్టే కీచు అరుపు. ఆ అరుపు విని రాత్రి టైము చెప్పగలిగేవాణ్ణని అనేవారు.

నేను మద్రాసు ట్రామును చూడలేదు. చూడగలిగింది కలకత్తాలో. అక్కడ 1873లో గుర్రాలతో లాగించారు, 1902 నుంచి కరెంటుతో నడిపారు. ఎస్ప్లనేడ్‌లో 1938 నాటి ట్రాము పెట్టెలనే మ్యూజియంగా మార్చి 2014లో తెరిచారు, పేరు స్మరణిక. నేను కొలత టేపు, నోటుపుస్తకం పట్టుకుని అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. కిటికీకీ కిటికీకీ మధ్య ఎంత, మెట్టు నేలకు ఎంత ఎత్తు, డ్రైవరు నిలబడే చోటు ఎంత వెడల్పు, అన్నీ రాసుకున్నాను. టెర్మినస్‌లో ఆగి ఉన్న బండి పక్కన కూర్చుని చక్రం కొలుస్తుంటే కండక్టరు వచ్చి, ఏమీ అడగకుండా, టేపు అవతలి కొస పట్టుకున్నాడు. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య ఒక్క దారిని ఉంచి మిగతా ట్రాములు ఆపేస్తామని ప్రకటించింది. ఆ వార్త విన్న రోజు నా నోటుపుస్తకం తీసి పేజీలన్నీ జిరాక్సు చేయించి పెట్టుకున్నాను.

ఇక కొలతలు. ట్రాము నమూనాలు చేసేవాళ్ళకు బ్రిటన్‌లో 1938 నుంచీ ఒక సంఘం ఉంది. అక్కడి పెద్ద నమూనాల కొలత అడుగుకు ముప్పావు అంగుళం. అంటే అసలు బండిలో పదహారో వంతు. ఈ లెక్క చూసి నేను పొంగిపోయాను. మన వడ్రంగులు, లేత్ పనివాళ్ళు అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కో భాగాన్ని సూత్ అంటారు, కొన్ని ఊళ్ళలో నూలు అంటారు. ముప్పావు అంగుళం అంటే ఆరు సూత్‌లు. అసలు బండిలో ఒక అడుగు నా బండిలో ఆరు సూత్‌లు, అసలు బండిలో రెండంగుళాలు నా బండిలో ఒక్క సూత్. కాలిక్యులేటరు అక్కర్లేదు. ముప్పై అంగుళాల చక్రమైతే పదిహేను సూత్‌లు. ముప్పై అడుగుల పెట్టె అయితే ఇరవై రెండున్నర అంగుళాలు. పట్టాల మధ్య దూరం కలకత్తా ట్రాముకూ మన మెట్రోకూ ఒకటే, 1435 మిల్లీమీటర్లు. పదహారో వంతు చేస్తే తొంభై మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ.

ఇంత పెద్దగా ఎందుకు అని చాలామంది అడుగుతారు. పుణేలో జోషీగారి చిన్న రైళ్ళ మ్యూజియం ఉంది, 1998 నుంచీ నడుస్తోంది. ముచ్చటైన రైళ్ళు. అరచేతిలో పట్టే ఇంజన్లు అక్కడ ఊరంతా తిరుగుతాయి. అది ఒక ఆనందం. కానీ అరచేతిలో పట్టే బండిలో తప్పు దాగుతుంది. రెండడుగుల బండిలో దాగదు. అతుకు వదులైతే కిటికీ గడగడలాడుతుంది, ఇరుసు వంకరైతే పెట్టె ఊగుతుంది. పెద్ద నమూనా అసలు బండిలాగే ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది పడ్డవాడికే అసలు బండి అర్థమవుతుంది. నా నమ్మకం ఇది.

మొదట చక్రాలు. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డులో ఆటోనగర్‌కు వెళ్ళాను. అక్కడ ఛాసీ మీద లారీ బాడీ కట్టే చేతులున్నాయి, పాత బండి విప్పి ఏ ముక్క దేనికి పనికొస్తుందో చెప్పే కళ్ళున్నాయి. ఒక లేత్ షెడ్డులో పెద్దాయన లారీ బ్రేకు డ్రమ్ములు తిప్పుతున్నారు. నేను చక్రం బొమ్మ చూపించాను. "ఏంది సారూ, ఇంత చిన్న చక్రమా? సరే, చేస్త. మరి ఈ వాలెందుకు? సాఫుగ తీస్తే సరిపోదా?" అన్నారు.

రైలు చక్రం, ట్రాము చక్రం పట్టా మీద ఆనే చోటు చదునుగా ఉండదు. లోపలి వైపు కాస్త లావు, బయటి వైపు కాస్త సన్నం. ఇరవైకి ఒకటి వాలు, అంటే మూడు డిగ్రీలకు కొంచెం తక్కువ. ఎందుకో చెప్పడానికి నేను పక్కనున్న టీ బండి నుంచి రెండు పేపరు గ్లాసులు తెచ్చాను. మూతులు రెండూ ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టాను. మధ్యలో లావు, అంచులు సన్నం. రెండు వెల్డింగు రాడ్లను పట్టాల్లాగా కాస్త వాలుగా పెట్టి గ్లాసులను వదిలాను. వంకరగా వదిలినా అవి తమంతట తాము సర్దుకుని కిందిదాకా దొర్లాయి. తర్వాత అడుగులు రెండూ కలిపి అంటించాను. మధ్యలో సన్నం, అంచులు లావు. వదిలిన వెంటనే పక్కకు పడిపోయాయి. పట్టాల మధ్యలోంచి చక్రాల జత ఒక పక్కకు జరిగితే, ఆ పక్క చక్రం లావు భాగం మీద, ఈ పక్క చక్రం సన్న భాగం మీద నడుస్తాయి. లావు భాగం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి జత తిరిగి మధ్యకు వస్తుంది. మలుపు తిరిగే కిటుకూ ఇదే. చక్రం లోపలి అంచున, పట్టా దిగకుండా ఉండే కట్టు కాపలాకు మాత్రమే. ట్రాము మలుపు మరీ ఇరుకు కాబట్టి ఆ వాలు ఒక్కటే సరిపోదు, కట్టు పట్టాకు రాసుకుంటుంది. మా నాన్న విన్న కీచు అరుపు ఆ ఇరుకు మలుపుల్లోదే.

పెద్దాయన గ్లాసులను నాలుగుసార్లు దొర్లించి చూశారు. నాలుగు చక్రాలు చేయడానికి ఒక రోజు పట్టింది. వాలు సరిగ్గా రాలేదని ఒక చక్రాన్ని తనంతట తనే పక్కన పారేసి మళ్ళీ తీశారు. ఈ గ్లాసుల ప్రయోగం మీరూ ఇంట్లో పిల్లలతో చేయండి. రెండు గ్లాసులు, రెండు కర్రలు చాలు.

తర్వాత మోటారు. ఇక్కడ నేను పొరపాటు చేశాను. ఆటోనగర్‌లో పాత కార్ల వైపరు మోటార్లు దొరుకుతాయి. పన్నెండు వోల్టులు, గట్టిది, చవక. అది చూసి సంబరపడి రెండు కొన్నాను, నెల రోజులు కష్టపడి బిగించాను. స్విచ్చి వేస్తే బండి పాకింది. వైపరు మోటారు నిమిషానికి యాభై చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. నా చక్రం ఒక్క చుట్టుకు పదిహేను సెంటీమీటర్లు పోతుంది. అంటే నిమిషానికి ఏడున్నర మీటర్లు. పదహారుతో హెచ్చిస్తే అసలు బండికి గంటకు ఏడు కిలోమీటర్లు. మెల్లగా పరిగెత్తే మనిషి దాన్ని దాటిపోతాడు. పైగా వైపరు మోటారులో మరపళ్ళు ఉంటాయి. మోటారు చక్రాన్ని తిప్పగలదు, చక్రం మోటారును తిప్పలేదు. కరెంటు తీసిన క్షణాన చక్రాలు బిగుసుకుపోయి బండి జారేది. ట్రాము అట్లా ఆగదు. కరెంటు తీసినా తన బరువుతో కొంత దూరం పోతుంది, ఆ పోవడంలోనే దాని అందమంతా ఉంది. లెక్క ముందు వేసుకుని ఉంటే నెల మిగిలేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంజనీరింగు పిల్లల ప్రాజెక్టులకు సామాను అమ్మే దుకాణాలున్నాయి, కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. నిమిషానికి 200 చుట్లు తిరిగే గేర్ మోటార్లు అక్కడ దొరికాయి. ఇప్పుడు లెక్క చూడండి: నిమిషానికి ముప్పై మీటర్లు, అసలు బండికి గంటకు ఇరవై తొమ్మిది కిలోమీటర్లు. కలకత్తాలో నేను కిటికీ దగ్గర కూర్చుని పోయిన వేగం దాదాపు అదే.

రెండు మోటార్లు ఎందుకన్నది అసలైన సంగతి. పాత ట్రాము ఇంజనీర్లు బండిని మెల్లగా కదిలించడానికి ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. మొదట రెండు మోటార్లను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు, పాఠ్యపుస్తకం మాటలో శ్రేణి సంధానం. తీగలోని 550 వోల్టులు రెండూ సగం సగం పంచుకుంటాయి. బండి కుదుపు లేకుండా కదులుతుంది. వేగం అందుకున్నాక రెండింటినీ పక్కపక్కన కలుపుతారు, సమాంతర సంధానం. ఇప్పుడు ఒక్కోదానికీ 550 పూర్తిగా అందుతుంది. డ్రైవరు ముందున్న ఇత్తడి పిడి చేసే పని ఇదే. నా బండిలో ఆరు వోల్టులు, పన్నెండు వోల్టులు, అంతే తేడా. ఆ పిడి కింది డ్రమ్మును టేకుతో చేసి, రాగి పట్టీలు కొట్టి, ఇత్తడి వేళ్ళు ఆనించాను. మెట్టుకూ మెట్టుకూ మధ్య కుదుపు తగలకుండా హీటరు కాయిల్ ముక్క పెట్టాను. నాలుగు మెట్లు ముందుకు, ఒక మెట్టు ఆపడానికి. ఆపే మెట్టులో మోటారు తీగలు రెండూ ఒకదానికొకటి కలుస్తాయి. తిరుగుతున్న మోటారు అప్పుడు కరెంటు పుట్టించి తన్ను తానే అడ్డుకుంటుంది. ఒక చిన్న బొమ్మ మోటారు తీగల కొసలు కలిపి ఇరుసు తిప్పి చూడండి, వేళ్ళకు ఆ అడ్డు తెలుస్తుంది. మన మెట్రో ఆగేటప్పుడు పుట్టే కరెంటు తిరిగి తీగలోకి పోతుంది. రెండింటికీ మూలసూత్రం ఒకటే.

బాడీకి వడ్రంగి దుకాణాల్లో ద్వారబంధాలు చేయగా మిగిలిన టేకు ముక్కలు వాడాను. పైకప్పు వంపుకు మాత్రం కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కర్ర తెప్పించాను. దూదిలా తేలిక, ఉలికి ఎదురుతిరగదు. అతుకులు పూడ్చడానికీ కొండపల్లివాళ్ళ మక్కే: చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. బజారులో డబ్బాల్లో దొరికే పుట్టీ ఎండకు పగిలింది, మక్కు మూడు ఎండాకాలాలు తట్టుకుంది. డ్రైవరు పిడికి ఏటికొప్పాక పద్ధతిలో అంకుడు కర్రను తిప్పి, తిరుగుతుండగానే లక్క ఆనించాను. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మన చేతివృత్తులను గాజు అద్దాల వెనక పెట్టి చూడటం కంటే ఇట్లా కొత్త పనిలో పెట్టి చూడటం వాటికి ఎక్కువ గౌరవమని నేను అనుకుంటాను.

కిటికీ అద్దాలకు దిల్‌సుఖ్‌నగర్ తోడ్పడింది. కోచింగు సెంటర్ల బోర్డులు అక్కడ మారుతూనే ఉంటాయి. దించిన బోర్డుల యాక్రిలిక్ ముక్కలు బోర్డుల దుకాణాల వెనక గుట్టగా పడి ఉంటాయి. బండిలోని బెంచీలకు మాత్రం ప్రాజెక్టుల దుకాణంలో త్రీడీ ప్రింటరు వాడాను. దాన్ని తప్పుపట్టను. ఒకే రకం బెంచీ ఇరవైసార్లు చెక్కడంలో కొత్తగా నేర్చుకునేది లేదు. చక్రం, డ్రమ్ము, పైకప్పు, వీటిని మాత్రం చేత్తోనే చేయాలి.

నుదుటి మీద పేరు రాసింది ఒక బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు రాకముందు ఈ రోడ్డు మీద దుకాణాల పేర్లలో సగం ఆయన చేతివే. అక్షరం ఎత్తు రెండు సూత్‌లే ఉండాలన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, సన్నని కుంచె నానబెట్టి, ముందు ఉర్దూ రాశారు. తర్వాత తెలుగు. "దిల్‌సుఖ్" లోని ఖకు పొల్లు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేను చూశాను. డబ్బు తీసుకోలేదు. ఈ రూట్లో బండి తిరిగితే ఎక్కించు అన్నారు.

బండి పూర్తయ్యాక, డాబా మీద పరిచిన పట్టాల అతుకుల దగ్గర ఎగిరేది. కారణం బరువు. పొడవు పదహారో వంతు అయితే బరువు పదహారు పదహార్లు మళ్ళీ పదహార్లు, అంటే 4096వ వంతు కావాలి. ఇరవై టన్నుల బండి అనుకుంటే నా బండి అయిదు కిలోలకు కాస్త తక్కువ తూగాలి. నాది మూడు కిలోలే ఉంది. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర టైర్ల దుకాణంలో చక్రాల బ్యాలెన్సింగుకు వాడి తీసేసిన సీసం బిళ్ళలు ఇచ్చారు. నేల పలక కింద వరసగా బిగించాను. ఎగరడం ఆగింది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇది మరిచిపోకండి.

కరెంటు అందుకునే గడ గొడుగు ఊచతో చేశాను, కొసన చిన్న ఇత్తడి కప్పీ. ఈ గడ ఎప్పుడూ వెనక్కు వాలి ఉండాలి. దారి చివరికి చేరాక తాడు పట్టి గడను అటునుంచి ఇటు తిప్పితేనే బండి తిరుగు ప్రయాణం కడుతుంది. అసలు ట్రాములో అది కండక్టరు పని. మా డాబా మీద ఆ పని కోసం వీధి పిల్లలు వరస కడతారు. మెట్రోకు గడ ఉండదు, పైన చట్రంలాంటిది ఉంటుంది. రేపు మీరు దిల్‌సుఖ్‌నగర్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడు తల ఎత్తి తీగను చూడండి. అది తిన్నగా ఉండదు, స్తంభం స్తంభానికీ కాస్త ఎడమకు, కాస్త కుడికి లాగి కట్టి ఉంటుంది. తిన్నగా కడితే చట్రం మీద ఒకే చోట రాసుకుని గాడి పడుతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైనప్పటి నుంచీ ఆ తీగ కింద ఎన్ని వేలమంది నిలబడ్డారో. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ అని స్టేషన్ల పేర్లు చదువుకుంటాం కానీ పైకి చూడం.

చేత్తో బండి చేయడం ఈ ఊరికి కొత్త కాదు. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం చూడని వాళ్ళుంటే వెళ్ళి చూడండి. దాని నిర్మాత సుధాకర్ గారు 2005 జూలై 1న నలభై ఒక్క అడుగుల ఏడంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును ఈ నగరంలోనే తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ చేతులకు పని నేర్పిన లేతులు, కొలుములు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు ఒక్క మాట. ఏకంగా బండి కట్టకండి. ఇంట్లో ఉన్న ఏదైనా ప్లాస్టిక్ రైలు బొమ్మ తీసుకోండి. దాని మోటారు మార్చండి, చక్రాలు మార్చండి, బరువు సరిచేయండి. మార్చడం తక్కువ పని అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఒకరు చేసినదాన్ని విప్పి మార్చగలిగినవాడికి చేసినవాడి ఆలోచన తెలుస్తుంది. అమ్మానాన్నలను నేను అడిగేది కూడా ఒకటుంది. మీ పిల్లల్ని ఒక్క ఆదివారం ఆటోనగర్ లేత్ షెడ్డుకు తీసుకెళ్ళి, ఇనుము పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడటం చూపించండి.

కలకత్తా ట్రాముల్లో చాలావాటికి రెండు పెట్టెలు. ఇప్పుడు నేను రెండోది చేస్తున్నాను. చక్రాలు వచ్చాయి, నేల పలక అయింది. పైకప్పుకు పొణికి కర్ర రావాలి.